ఎనభై నాలుగున్నర మీటర్లు

మనీషా పరుగెత్తుకుంటూ వచ్చింది. పద్దెనిమిది అంగలు. చివరి అంగ తెల్లచెక్క మీద పడాలి, పడగానే మనిషి గాల్లోకి లేవాలి.

అంగ పడింది. మనిషి లేవలేదు. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు చెక్క మీదే ఆగిపోయి, రెండు చేతులూ గాల్లో గిరగిరా తిప్పి, నిలదొక్కుకుని, మెల్లగా ఇసుకలోకి దిగి అవతలి గట్టుకు నడిచి వెళ్ళింది.

"పదకొండోసారి," అన్నాడు ఉప్పలయ్య.

ఉప్పలయ్య యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. సున్నం గీతలు గీయడం, ఇసుక చదును చేయడం, టేపు పట్టుకోవడం అతని ఉద్యోగం. అడక్కపోయినా లెక్కపెట్టడం అతని స్వభావం.

"నేను అడిగినానా?" అన్నాడు కోచ్ నాగేంద్ర.

"అడుగుతరని ముందే చెప్పిన సార్."

ఆ రోజు సోమవారం. గురువారం ట్రయల్స్. నిరుడు ఇదే లాంగ్‌జంప్ గుంటలో దిగుతూ మనీషా చీలమండ మెలికపడింది. కాలు రెండు నెలల్లో బాగైంది. ఎక్స్‌రే బాగుంది, డాక్టరు బాగుందన్నాడు, పరుగు కూడా బాగుంది. చెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాలికి ఏదో గుర్తొచ్చేది. మొన్నటి ట్రయల్స్‌లో మూడు అవకాశాలు ఇస్తే మూడుసార్లూ ఆగిపోయింది. కాగితం మీద ఆమె పేరు ఎదురుగా మూడు అడ్డగీతలు పడ్డాయి. స్పోర్ట్స్ హాస్టల్ రూలు ఒక్కటే: వరసగా రెండు ట్రయల్స్‌లో ఒక్క దూకుడైనా నమోదు కాకపోతే గది వదిలెయ్యాలి. గది పోతే ఎం.ఏ. కూడా పోయినట్టే. జనగామ అవతలి ఊరి నుంచి రోజూ వచ్చిపోవడం కుదిరే పని కాదు.

ఆమె బూట్లలోంచి ఇసుక దులుపుకుంటూ వచ్చి నాగేంద్ర పక్కన కూర్చుంది.

"ఎందుకు నిల్చిపోతాండావమ్మా? కాలు నొస్తాందా?"

"నొస్తలేదు సార్."

"మరి?"

"మీకు చెప్తే ఏమర్థమైతది సార్? ఎనభై నాలుగున్నర మీటర్లు దూకినోళ్ళు మీరు. భయమంటే ఎట్లుంటదో మీకేం తెలుస్తది?"

నాగేంద్ర గంభీరంగా ఆకాశం వైపు చూశాడు. ఈ మాట ఎవరన్నా అతను అలాగే చూస్తాడు. పదిహేనేళ్ల అలవాటు.

"సార్ దూకుడంటే ఏమనుకున్నవ్ బిడ్డా," ఉప్పలయ్య అందుకున్నాడు. "తార్నాక మెట్రో స్టేషన్ ఉన్నది గదా. ఈ మెట్ల కాడ లేస్తే ఆ మెట్ల కాడ దిగుడు. నడుమ కాలు కిందపెట్టుడు లేదు!"

నిజానికి నాగేంద్ర క్రీడాజీవితం మొత్తం ఒక్క ఆటో ప్రయాణంలో చెప్పెయ్యొచ్చు. తార్నాకలో ఎక్కితే రామంతాపూర్ వచ్చేలోపు అయిపోతుంది. మధ్యలో సిగ్నల్ పడితే ప్రశ్నలకు కూడా టైము మిగులుతుంది.

ధర్మవరంలో పుట్టాడు. ఇరవయ్యో ఏట సరిహద్దు దళంలో చేరి హిమాలయాల్లోకి వెళ్ళాడు. అంతకుముందు అతను చూసిన మంచల్లా సోడాబండి మీద రంపపు పొట్టులో దాచిన ఐసుగడ్డ. అక్కడ ఒక ఆఫీసరు విదేశీ శిక్షణ ముగించుకుని వచ్చి, మన దేశానికీ ఒక స్కీ జంపింగ్ జట్టు ఉండాలని పట్టుబట్టాడు. మనిషి కంటే పొడవైన రెండు చెక్కలు కాళ్ళకు కట్టుకుని, ఎత్తయిన వాలు మీద నుంచి జారుకుంటూ వచ్చి, అంచు దగ్గర గాల్లోకి లేచి, కింద మంచువాలులో ఎంత దూరం పోయి దిగితే అంత గొప్ప. అదీ ఆట. బరువు తక్కువున్నవాడు ఎక్కువ దూరం తేలతాడు. అందుకని ఆఫీసరు పటాలం మొత్తాన్ని బియ్యం తూచే కాటా మీద నిలబెట్టాడు. నాగేంద్ర యాభై ఒక్క కిలోలు తూగాడు. అనంతపురం కరువు దేశానికి చేసిన సేవ అది.

ఆ తర్వాత అతను మూడుసార్లు జాతీయ చాంపియన్. మొదటి ఏడు పోటీపడినవాళ్ళు నలుగురు. రెండో ఏడు ముగ్గురు. మూడో ఏడు ఇద్దరు, ఆ రెండోవాడు చెల్లెలి పెళ్ళికి సెలవు పెట్టి వెళ్ళాడు. నాగేంద్ర ఒక్కడే దూకి, ఒక్కడే గెలిచి, ఒక్కడే పీట ఎక్కి, అటూ ఇటూ చూసి దిగాడు. ఆ గెలుపుతోనే జపాన్‌లో ఒక అంతర్జాతీయ పోటీకి వెళ్ళాడు.

మొత్తం మీద డెబ్బై దాకా దూకాడు. ఒక్కో దూకుడుకు గాలిలో ఉండేది మూడు సెకన్లు. అతని భార్య లలిత తార్నాకలోనే ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. ఆమె ఒకసారి కూడి చెప్పింది. గాలిలో గడిపింది మూడున్నర నిమిషాలు. దాని గురించి మాట్లాడటంలో గడిపింది ఇరవై రెండేళ్లు.

దళంలోంచి బయటికొచ్చి యూనివర్సిటీలో కోచ్‌గా చేరిన మొదటి వారం. ఇదే గట్టు మీద ఉప్పలయ్య అడిగాడు, "జపాన్ల ఎంత దూరం దూకిండ్రు సార్?" అని. నాగేంద్ర నోట్లోంచి "ఎనభై నాలుగున్నర" అని వచ్చింది. ఎనభై అని ఉంటే ఉప్పలయ్య కొంచెం అనుమానించేవాడేమో. ఆ అర మీటరు పని చేసింది. అబద్ధం చెప్పేవాడు అర మీటరు దగ్గర అంత నిక్కచ్చిగా ఎందుకుంటాడు?

అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ ఉప్పలయ్యే ఆ అంకె చెప్పాడు. క్యాంపస్‌లో నాగేంద్రకు మంచు సార్ అని పేరు పడింది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఏసీ పాడైతే కూడా ముందు అతన్నే అడిగారు.

"సార్, ఒకటి చెప్పాలె," అంది మనీషా ఫోన్ తీస్తూ. ఆమె మొహం వెలిగిపోతోంది. "మీ వీడియో దొరికింది."

"ఏ వీడియో?"

"జపాన్ది! అక్కడ ఎవరో పాత క్యాసెట్లన్నీ నెట్ల ఎక్కిస్తుండు. ఇరవై రెండేండ్ల కిందటి పోటీ, దేశాల లిస్టుల ఇండియా ఉన్నది. ఇండియా అంటే మీరే గదా సార్. రెండు గంటల పది నిమిషాలు. ఇంకా చూడలే నేను. బుధవారం సాయంత్రం హాస్టల్ టీవీల పెడతం, అందరం కూసొని చూస్తం. మిమ్మల్ని గాల్లో చూస్తే గురువారం నాకు ధైర్యమొస్తది."

నాగేంద్ర మెడ వెనక చల్లగా ఏదో పాకింది. ఇరవై రెండేళ్ల తర్వాత అతనికి మళ్ళీ మంచు తగిలింది.

"మంచిదమ్మా," అన్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో అతని బుర్ర దొంగలా పనిచేసింది. వీడియో మీద ఫిర్యాదు చేస్తే తీసేస్తారా? ఏమని ఫిర్యాదు చెయ్యాలి, ఇందులో ఉన్నది నేనేనని, అదే నా బాధనా? బుధవారం హాస్టల్లో కరెంటు పోతే? ఎలక్ట్రీషియన్‌తో పరిచయం ఉంది. కానీ ఫోనుకు కరెంటుతో పనేముంది? బెంగళూరులో అర్జెంటు సెమినార్ అని చెప్పి తను మాయమైతే? అప్పుడు గురువారం ఆ పిల్ల పక్కన ఎవరుంటారు? తార్నాక చౌరస్తాలో అతను రోడ్డు దాటేలోపు మూడు పథకాలు వేశాడు, మూడూ వదిలేశాడు. ఒక ఆటోవాడు మాత్రం తిట్టాడు.

లలిత పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నాగేంద్ర ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ఎర్రపెన్ను మూతపెట్టింది.

"ఏమైనాది? మొగమట్ల పెట్టినారు?"

"లలితా, నీకొక సంగతి చెప్పాల. జపాన్‌లో నేను..."

"దూకల్యా."

నాగేంద్ర ఆమెవైపు చూశాడు.

"మీ జట్టు మేనేజరు శశిధర్ గారు మనింటికి భోజనానికి వచ్చిండ్లా, మన పెండ్లయిన కొత్తల్లో. పెరుగు లేదని మీరు అంగడికి పోయినారు. మీరొచ్చేలోపు ఆయన మొత్తం చెప్పేసినాడు. పెరుగు తెచ్చేకి నలభై నిమిషాలు ఎందుకు పోయినారో నాకిప్పటికీ తెలీదు."

"ఇన్నేండ్లుగా తెలిసీ ఒక్క మాటన్నా..."

"మీరు అంత బాగా చెప్తాంటే నడుమ ఎట్ల అడ్డమొచ్చేది? ఎనభై నాలుగున్నరని చెప్పేటప్పుడు మీ మొగంలో ఒక కళ ఉంటాది."

నాగేంద్రకు ఎక్కడ దాక్కోవాలో తెలీలేదు. చివరి కోట ఒకటి మిగిలింది, దాన్ని పట్టుకున్నాడు. "అది కాదు లలితా. జెండా పడల్యా. మన కోచ్ జెండా దించితేనే దూకాల, అది రూలు. కోచ్ రాలేదని ఆ పని శశిధర్‌కు ఇచ్చినారు. ఆయప్ప దించలేదు."

"మూడుసార్లు దించినాడంట."

ఇద్దరూ ఆ ఫోన్‌లోనే చూశారు. గంటా పదిహేడో నిమిషంలో నాగేంద్ర కనిపించాడు. ఎంత సన్నగా ఉన్నాడు! పైన ఇనపకడ్డీ మీద కూర్చున్నాడు, కాళ్ళకు చెక్కలు, నెత్తిన హెల్మెట్. పచ్చలైటు వెలిగింది. పచ్చ వెలిగాక పది సెకన్లలో కడ్డీ వదలాలి. వదిలితే ఇక ఆగడమన్నది లేదు. కెమెరా పక్కకు తిరిగింది. మంకీ టోపీ పెట్టుకున్న శశిధర్ మూడు రంగుల చిన్న జెండా పైకెత్తి దించాడు. మళ్ళీ ఎత్తి దించాడు. మూడోసారి ఇంకా గట్టిగా దించాడు. ఆ తర్వాత టోపీ ఊడబీకి దాన్ని కూడా ఊపాడు. ఎర్రలైటు వెలిగింది. పైనున్న మనిషి కడ్డీని వదల్లేదు.

నాగేంద్రకు కొత్తగా తెలిసిందేమీ లేదు. జెండా అతనికి ఆ రోజే కనిపించింది. మూడుసార్లూ కనిపించింది. టోపీ కూడా.

"ఆ పిల్లకు మీరే చూపించండి," అంది లలిత, మళ్ళీ పెన్ను మూత తీస్తూ. "టీవీలో అందరి నడుమ చూస్తే, మీరు మోసం చేసినట్టుంటాది. మీరు చూపిస్తే ఊరికే తమాషాగా ఉంటాది."

"నా పరువు?"

"అదేమన్నా ఎనభై నాలుగున్నర ఉండాదా?" అని ఆమె తర్వాతి పేపరు తీసుకుంది.

బుధవారం నాలుగు గంటలకు గ్రౌండ్ గేటు పక్కన టీ కొట్టు దగ్గర నాగేంద్ర మూడు చాయ్‌లు చెప్పాడు. మనీషాను బల్ల మీద కూర్చోబెట్టాడు. ఉప్పలయ్యను కూడా పిలిచాడు. ఆ కథకు అసలు హక్కుదారు అతనే కదా. ఫోన్ బల్ల మీద నిలబెట్టి, గంటా పదిహేడో నిమిషం దగ్గర పెట్టి, తను మాత్రం రోడ్డు మీద పోతున్న సిటీ బస్సును చూస్తూ నిలబడ్డాడు. దాని నంబరు కూడా చదివాడు.

ముందు ఉప్పలయ్య గొంతు వినిపించింది. "గిదేంది? నెట్ ఆగినట్టున్నది. సార్ కదుల్తలేడు."

"నెట్ మంచిగనే ఉన్నది తాతా. వెనక జెండాలు ఊగుతున్నయ్ చూడు."

ఆ తర్వాత మనీషా నవ్వు మొదలైంది. ముక్కుతో మొదలై, భుజాల్లోకి పోయి, చాయ్ బల్ల మీద ఒలికించింది. "సార్! టోపీ! టోపీ తీసి ఊపుతున్నడు సార్ ఆయన!"

"తెలుసమ్మా," అన్నాడు నాగేంద్ర బస్సు వైపే చూస్తూ.

ఉప్పలయ్యకు నవ్వు రాలేదు. "సార్, పదిహేను బ్యాచులకు చెప్పిన సార్ నేను. మెట్రో స్టేషన్ చూపెట్టి మరీ చెప్పిన. మా అల్లుని ముంగట గూడ చెప్పిన. ఇప్పుడు నా ఇజ్జత్ ఏంగావాలె? మరి ఎనభై నాలుగున్నర ఏంది సార్, ఆ లెక్క ఎక్కడికెల్లి తెచ్చిండ్రు?"

"నా తర్వాత ఫిన్లాండ్ పిల్లోడు దూకినాడు. నేను మెట్లు దిగుతాంటే బోర్డు మీద వాడిది పడింది. రెండు వందల నలభై మెట్లు, చెక్కలు భుజాన వేసుకుని దిగాల. దిగినంతసేపూ కండ్ల ముందు ఆ అంకే ఉండె."

ఉప్పలయ్య చాయ్ గ్లాసు పట్టుకుని, తనకు చావు కబురు చెప్పినట్టు కూర్చున్నాడు. మనీషా వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. ఈసారి నవ్వలేదు. తెరను రెండు వేళ్ళతో పెద్దది చేసింది.

"చేతులు చూడు తాతా. కడ్డీని ఎట్ల పట్టిండో." తల ఎత్తి నాగేంద్ర వైపు తిరిగింది. "చెక్క మీద ఆగినప్పుడు నాకు గూడ గిట్లనే అయితది. చేతులు నావి కావు అన్నట్టు. అంతకుముందు మీరు పడ్డరా సార్?"

"ముందు రోజు ప్రాక్టీసులో. ఏం విరగలేదు. వీపు మీద జారుకుంటా కంచె దాకా పోయినా, అంతే. జపాన్ వాళ్ళు మర్యాదస్తులు, చప్పట్లు కొట్టినారు."

"తెల్లారి ఏం చేసిండ్రు మరి?"

నాగేంద్ర రెండు రోజులుగా జవాబులు తయారుచేసుకున్నాడు. అబద్ధం ఎందుకు చెప్పారంటే ఏమనాలి, ఇప్పుడెందుకు చెబుతున్నారంటే ఏమనాలి, అన్నీ ఉన్నాయి. ఈ ప్రశ్న ఆ లిస్టులో లేదు. అతను బల్ల మీద కూర్చున్నాడు.

"తెల్లారి ఇంకో పోటీ ఉండె. పోటీ మొదలు కాకముందు ఒకరిద్దరితో ఊరికే దూకిస్తారు. మంచు గట్టిగా ఉందా, గాలి ఎట్లుంది అని చూసేకి. ముందు దూకేవాళ్ళు అంటారు. వాళ్ళకు మార్కులు లేవు, దూరం రాయరు, పేరు పడదు. పొద్దున్నే పోటీ నడిపే ఒక ముసలాయన మా గదికొచ్చి, నిన్నటి సంగతి వదిలెయ్, ఈ పూట ముందు దూకుతావా అని అడిగె. నేను పోలేదు."

"ఎందుకు?"

"దేశం తరఫున వచ్చినోణ్ణి, మార్కుల్లేకుండా దూకేదేందని చెప్పినా."

"అసలు సంగతి?"

"మార్కుల్లేకపోయినా దూకలేకపోతే ఎట్లా అని." నాగేంద్ర చాయ్ తాగబోయాడు. గ్లాసు ఖాళీగా ఉంది. "జ్వరమని చెప్పి బస్సెక్కినా. మళ్ళీ ఎప్పుడూ దూకలేదు. రిటైరైనానని అందరికీ చెప్పినా. పత్రికలో రెండు లైన్లు కూడా వేసినారు, అత్యున్నత దశలో తప్పుకున్నాడని."

మనీషా లెక్క సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా అడిగింది. "అంటే సార్, దూకితే ఎవరూ రాయరు. దూకకపోతే గూడ ఎవరూ రాయరు."

"అంతే."

"గంత మంచి బేరం ఇడిసిపెట్టిండ్రా సార్!"

ఉప్పలయ్య అప్పుడు నవ్వాడు. నాగేంద్రకు కూడా ఆపుకోవడం వల్ల కాలేదు.

"నాకు గసొంటిది ఒకటి కావాలె," అంది మనీషా లేస్తూ. "రేపు ట్రయల్స్‌కు ముంగట ఒక్కటి. రాయకుంట, కొలవకుంట. ఇప్పిస్తరా?"

ఇప్పిస్తానన్నాడు నాగేంద్ర. అన్న మరుక్షణమే, ఎవరినడిగి అన్నానని అతనికి అనుమానం వచ్చింది.

ట్రయల్స్ నడిపేది స్పోర్ట్స్ విభాగం అధిపతి పద్మశ్రీ. ఆమెకు రూలు పుస్తకం చేతిలో ఉండనక్కర్లేదు, నోట్లోనే ఉంటుంది. గురువారం ఉదయం ఎనిమిదింటికి ఆమె కుర్చీ వేయించుకుని కూర్చుంది. పదహారు మంది అమ్మాయిలు, పక్కన సీనియర్లు, గట్టు మీద చూడ్డానికి వచ్చిన హాస్టల్ జనం. టీవీ కార్యక్రమం ముందు రోజే జరిగిపోయింది. అందరి మొహాల్లోనూ ఆ టోపీ కనిపిస్తోంది. నాగేంద్ర నడిచివస్తుంటే గట్టు మీద ఎవరో రుమాలు ఊపారు. అతను తల వంచుకుని పద్మశ్రీ దగ్గరికి వెళ్ళాడు.

"మేడం, రాత్రి చినుకులు పడినాయి. ఇసుక గట్టిగా ఉందేమో, ఒకరితో దూకించి చూస్తే మంచిది."

"చూడండి."

"మనీషాతో..."

"పోటీలో పేరున్నవాళ్ళు కాదు నాగేంద్ర గారు. పేర్లు పిలిచాక పిట్‌లో ప్రాక్టీసు లేదు. బయటివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి."

నాగేంద్ర బయటివాళ్ళ కోసం చూశాడు. సీనియర్ కుర్రాళ్ళున్నారు, ఎవరిని పిలిచినా వస్తారు. వరసలో నాలుగో స్థానంలో మనీషా నిలబడి ఉంది. మేడం మాట ఆమెకు వినిపించింది. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలను చూస్తోంది. ఆ చేతులు నాగేంద్రకు బాగా తెలుసు.

"నేను దూకుతా," అన్నాడు.

పద్మశ్రీ అతని పొట్ట వైపు చూసింది. యాభై ఒక్క కిలోల మనిషి ఇప్పుడు ఎనభై మూడు. రూలు పుస్తకంలో బరువు గురించి ఏమీ లేదు. "కానివ్వండి," అంది.

అతను బూట్ల లేసు బిగించి పరుగు మొదలయ్యే గీత దగ్గరికి నడిచాడు. పద్దెనిమిది అంగలు తన వల్ల కావు, పది చాలనుకున్నాడు. గట్టు మీద గోల ఎక్కువైంది. గీత దగ్గర నిలబడి ముందుకు చూస్తే తెల్లచెక్క చాలా దూరంగా ఉంది. చేతులు చల్లబడ్డాయి. ఇసుక గుంట, మోకాలి లోతు కూడా లేని గుంట! ఇరవై రెండేళ్లుగా ఏ చేతులను తిట్టుకున్నాడో అవే చేతులు, ఈసారి పట్టుకోవడానికి కడ్డీ లేక తన ప్యాంటునే పట్టుకున్నాయి.

"సార్!"

మనీషా వరసలోంచి బయటికొచ్చి చెక్క పక్కన నిలబడింది. దూకుడు చెల్లితే ఎత్తే తెల్లజెండాను ఉప్పలయ్య చేతిలోంచి లాక్కుంది. పైకెత్తింది. నాగేంద్ర చూశాడు. ఆమె జెండా దించింది.

అతను కదల్లేదు.

మనీషా మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. "సార్, నాకు టోపీ లేదు సార్!" అని అరిచింది.

నాగేంద్ర పరుగెత్తాడు.

ఎలా పరుగెత్తాడో అతనికి తర్వాత గుర్తులేదు. చూసినవాళ్ళు చెప్పిన ప్రకారం మొదటి నాలుగు అంగలు కోచ్ లాగా, తర్వాతి నాలుగు బస్సు తప్పిపోతున్నవాడి లాగా, చివరి రెండూ చెప్పుకోదగ్గవి కావు. చెక్కకు ఒక అడుగు ముందే లేచాడు. గాల్లో, అలవాటు కొద్దీ, చేతులు రెండూ పక్కలకు చాపి ముందుకు వంగాడు. స్కీ జంపింగ్‌లో అలా వంగితే గాలి మోస్తుంది. తార్నాక గాలికి ఆ సంగతి తెలీదు. అతను మొహంతో దిగాడు.

లేచేసరికి నోట్లో ఇసుక, చెవిలో ఇసుక, కళ్ళద్దం ఒకటి ఎక్కడో. జనం పడీపడీ నవ్వుతున్నారు. పద్మశ్రీ నోటికి కాగితం అడ్డం పెట్టుకుంది. మోకాళ్ళ మీద నిలబడి నాగేంద్ర గట్టిగా ప్రకటించాడు: "ఇసుక మెత్తగానే ఉంది మేడం!"

టేపు చప్పుడైంది. ఉప్పలయ్య అప్పటికే ఒక కొస గుంటలో గుచ్చి, ఇంకో కొస లాగుతున్నాడు.

"కొలవద్దు! ముందు దూకేవాడిది కొలవరు!"

"అలవాటు సార్," అన్నాడు ఉప్పలయ్య, అంకె చూసుకుంటూ.

పోటీ మొదలైంది. మనీషా పేరు పిలిచారు. పద్దెనిమిది అంగలు వచ్చింది. చెక్క మీద ఆగిపోయింది. కాగితం మీద గీత పడింది. నాగేంద్ర పక్కన నిలబడి చెవిలో ఇసుక తీసుకుంటున్నాడు. ఆమె అతనివైపు చూడలేదు.

రెండోసారి వచ్చింది. లేచింది! లేచి దిగింది కూడా. కానీ బొటనవేలు చెక్క దాటింది. ఎర్రజెండా లేచింది. రెండో గీత పడింది. మనీషా మాత్రం ఇసుకలోనే గంతులేసింది. ఎర్రజెండా చూసి అంత సంతోషపడ్డ మనిషిని పద్మశ్రీ తన సర్వీసులో చూడలేదు. "ఫౌల్ అమ్మా అది," అని మర్యాదగా గుర్తుచేసింది.

"తెలుసు మేడం! కానీ లేచిన గదా!"

మూడోసారి గీత దగ్గర నిలబడి ఆమె నాగేంద్ర వైపు తిరిగింది. అతని కనుబొమ్మల మీద ఇంకా ఇసుకుంది. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోకుండానే పరుగు మొదలుపెట్టింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. తెల్లజెండా లేచింది.

నాలుగు మీటర్ల తొంభై ఆరు. పదహారు మందిలో పదకొండో స్థానం. జట్టులో చోటు దొరకలేదు. కాగితం మీద రెండు గీతల పక్కన ఒక అంకె పడింది. గది నిలిచింది. మనీషా ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని, ఆ అంకెను పెద్దది చేసి, ఉప్పలయ్యకు చూపించి, మళ్ళీ తీసుకుని పరుగున వెళ్ళిపోయింది.

రెండు నెలల తర్వాత కొత్త బ్యాచ్ వచ్చింది. నాగేంద్ర ఆ రోజు ఆఫీసులోంచి గ్రౌండ్‌కు వస్తుంటే, గట్టు మీద ఐదారుగురు పిల్లల మధ్య ఉప్పలయ్య కనిపించాడు. ఒక చేత్తో గాల్లో జెండా ఊపుతున్నాడు.

"...ఒక్కసారి ఊపిండు. సార్ కదల్లే. పదిసార్లు ఊపిండు. కదల్లే. పదిహేడుసార్లు ఊపిండు బిడ్డా! టోపీ ఊపిండు, కోటిప్పి ఊపిండు, జపానోళ్ళంత లేచి చేతులు ఊపిండ్రు..."

"మూడుసార్లే," అన్నాడు నాగేంద్ర దగ్గరికొచ్చి. "నాలుగోది టోపీ. కోటు లేదు."

పిల్లలు అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. వాళ్ళలో ఒకమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మరి సార్ ఎప్పుడూ దూకనే లేదా?"

"ఎందుకు దూకలే?" ఉప్పలయ్యకు కోపం వచ్చింది. "గీడనే దూకిండు. ఈ గుంటల్నే. రెండు మీటర్ల పదకొండు. టేపు నేనే పట్టిన."

నాగేంద్ర ఆకాశం వైపు చూడబోయి, మానుకుని, ఇసుక చదును చేసే కర్ర అందుకున్నాడు.